ఆయప్పకు చెప్పు

"దోసె బాగుండాదని ఆయప్పే కదా నాలుగు తిన్న్యాడు," అంది అక్కయమ్మ.

పొద్దుటినుంచీ ఆ మాట అనడం అది మూడోసారి. మాట నిజమే. కానీ ఎన్నిసార్లు అన్నా ఆ నిజం ఇంట్లో ఎవరికీ అక్కరకు రావడం లేదు.

వంటింటి గడప మీద కూతురు నేత్ర నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గాజు సీసా. అక్కయమ్మ దాన్ని సబ్బు పెట్టి తోమి, ఎండలో బోర్లించి, తళతళలాడించి పెట్టింది. మామూలు రోజైతే ఆ పనికి ఓ మంచిమాట దక్కేది.

"ముట్టుకోవద్దని నీకి చెప్పినా కదమ్మా," అంది నేత్ర.

"ఆయప్పది, ముట్టొద్దు అన్న్యావు. పిండని యాడ చెప్పినావు? మందేమో అనుకొన్న్యా. మొన్న మూత తీస్తే పులిసిన వాసన. పిండి పాడైపోతాంటే చూస్తా కూర్చుంటారా యెవురన్నా?"

అదీ అక్కయమ్మ చేసిన నేరం. ఫ్రిజ్జులో మూలకి, బూడిదరంగు పిండి బుడగలు కక్కుతూ కనిపించింది. పారబోయడానికి చేతులు రాక, ఉద్దిపప్పూ బియ్యమూ రుబ్బిన దోసెపిండిలో కలిపేసింది. అందులో దాపరికం లేదు, దురుద్దేశం అసలే లేదు. అది డెన్మార్కులో అల్లుడి అవ్వ రొట్టెలకు వాడిన పిండనీ, మనం పెరుగుకు తోడు దాచినట్టు ఆ ఇంటి ఆడవాళ్ళు తల్లినుంచి కూతురికి దాచుకుంటూ వచ్చిన పులుపనీ, అవ్వ పోయాక మనవడు దాన్ని ఉన్నిబట్టల్లో చుట్టి ఈ చింతామణి ఊరి దాకా మోసుకొచ్చాడనీ ఆమెకు కలేమైనా వచ్చిందా?

అల్లుడు రాస్ముస్ అరిచి ఉంటే బాగుండేది. అరిచినవాడికి జవాబు చెప్పవచ్చు. అతను సీసా చూశాడు, అత్తగారు నిలబడ్డ తలుపు వైపు చూశాడు, అదో రకంగా నవ్వాడు, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ఇంతవరకూ తెరుచుకోలేదు.

గంగప్ప వరండాలో కూర్చుని కన్నడ పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడని పేరేగానీ, అదే పేజీని ఇందాకటినుంచీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భార్యకూ కూతురికీ మాటామాటా వచ్చినప్పుడు ఆయన పేపరు అట్లా పెద్దదవుతుంది.

ఈ అల్లుడు ఇల్లటం, అంటే ఇల్లరికం, వచ్చాడని తెలిసినప్పుడు వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. తెల్లదొర చింతామణిలో ఇల్లటమా? అందులో వింతేమీ లేదని గంగప్ప అందరికీ ఓపిగ్గా చెప్పాడు. అమ్మాయికి ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. అతనిదేమో కంప్యూటర్లో వంతెనలు గీసే పని, యాడ కూర్చుని గీసినా వంతెన వంతెనే. రాస్ముస్ అన్న పేరు వీధిలో కొన్నాళ్ళు రాముసై, ఆ పైన రాముడై స్థిరపడింది. గంగప్పకు రామూ. పక్కింటి వీణకు రామన్న.

అక్కయమ్మకు మాత్రం ఆయప్ప.

మన దేశం అతన్ని తక్కువగా ఏడిపించలేదు. అవతల డెన్మార్కు వాళ్ళతో మీటింగులో మాట్లాడుతూంటే ఇవతల కరెంటు పోయేది. ఇన్వర్టరు బాగుచేసే గిరీశ్ "ఇదో వస్తాండా" అంటే ఆ రోజుకు రాడని తెలుసుకోవడానికి ఒక వేసవి పట్టింది. కంప్యూటరు మీటల సందుల్లో చీమలు కాపురం పెట్టాయి. దోమలు వీధిలో ఇంకెవరి రక్తమూ రుచించనట్టు అతన్నే పట్టుకున్నాయి. విదేశీయుడి నమోదని చిక్కబళ్ళాపురం ఆఫీసుకు పోతే, ఫొటో వెనకాల తెలుపు సరిపోలేదని తిప్పి పంపారు. బస్సులో పక్క సీటాయన జీతం ఎంతని అడిగి, పిల్లలు ఎప్పుడని అడిగి, దిగేటప్పుడు ఫొటో తీసుకుని దిగాడు. అంగళ్ళలో ఏం అడిగినా వాళ్ళు తల అటూ ఇటూ ఊపితే, వద్దంటున్నారనుకుని చాలాసార్లు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు.

ఇవన్నీ అతను నవ్వుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కటీ తనే నటించి చూపించేవాడు. గంగప్ప పొలమారేదాకా నవ్వేవాడు. వంటింటి తలుపు వెనక అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అది అతనికి కనిపించేది కాదు, అంతే తేడా.

బయటికి పోయేటప్పుడు రాస్ముస్ గుమ్మం దగ్గర ఆగి, ఆ తలుపు వైపు తిరిగి, "పోయొస్తానత్తా" అనేవాడు. మన ఇళ్ళలో గడప దాటుతూ పోతానని అనకూడదని నేత్ర మొదటి వారమే నేర్పింది. ఒక్కరోజూ తప్పలేదు అతను. తలుపు వెనకనుంచి "పోయి రమ్మను" అని వినిపించేది. ఒక్కోసారి ఇంట్లో ఇంకెవరూ ఉండేవారు కాదు. రమ్మనమని ఆమె చెప్పేది ఎవరికో గోడలకే తెలియాలి.

పన్నెండు దాటాక అక్కయమ్మ మనసు ఆగలేదు. కాఫీ కలిపి లోటాలో పోసి గంగప్ప ముందు పెట్టింది.

"కాఫీ తాగుతాడేమో ఆయప్పను అడుగు."

గంగప్ప పేపరు దించేలోపు నేత్ర లోపలినుంచి వచ్చింది.

"నువ్వే అడుగమ్మా."

"నేనా?"

"అవును, నువ్వే. ఆ తలుపు కొట్టి, ఆయన ముందర నిలబడి, కాఫీ తాగుతావా అని అడుగు. పిండి పోయినందుకు బాధ లేదని చెప్పను. ఉండాది. కానీ ఆయన లోపల కూర్చున్నది దానికోసమే కాదు."

అప్పుడు చెప్పింది నేత్ర. చెప్పకూడదనే ఇన్నాళ్ళూ ఊరుకుంది. పోయిన వారం ఇన్వర్టరు చూడటానికి గిరీశ్ వచ్చినప్పుడు, పని మధ్యలో అతనికి ఫోను వచ్చిందట. "ఆయప్ప ఇంట్లో లేడు, సాయంత్రం మళ్ళీ పోతా" అని గిరీశ్ ఎవరితోనో అంటున్నాడు. రాస్ముస్ పక్కనే ఉండి, నేను ఇక్కడే ఉన్నాను కదా అన్నాడు. గిరీశ్‌కు అర్థం కాలేదు. ఆయప్ప అంటే నేనే కదా, మా అత్త నాకు పెట్టిన పేరు అని రాస్ముస్ చెప్పాడు. గిరీశ్ పకపకా నవ్వి, ఆయప్ప అంటే పేరు కాదు సార్, ఎవరైనా ఆయప్పే, ఎదురుగా లేని మనిషిని అట్ల అంటాం అని వివరించాడు.

"ఏడాదిపైన అది ముద్దుపేరనుకొన్న్యాడమ్మా," అంది నేత్ర. "వాళ్ళమ్మకి ఫోనులో చెప్పుకొన్న్యాడు, మా అత్త నాకి సొంతంగా ఒక పేరు పెట్టుకొనుండాదని. వాళ్ళమ్మ పోయిన పండక్కి పంపిన కార్డు మీద ఆ పేరే రాసింది."

అక్కయమ్మ గిరీశ్ మాటనే మనసులో తిప్పుకుంది. ఎదురుగా లేని మనిషి. గిరీశ్‌గాడికి ఇన్వర్టరు బాగుచేయడం రాకపోయినా తెలుగు మాత్రం బాగానే వచ్చు.

"ఆ మాటలో అగౌరవం ఏముండాది?" అంది. గొంతులో బింకం సగమే ఉంది. "అల్లుడంటే ఎదురు నిలబడి మాట్లాడే మనిషా? మాయమ్మ బాగేపల్లిలో మీ నాయన ముందరికి ఎప్పుడన్నా వచ్చిందా? తలుపు చాటునుంచే, ఆయప్పకి ఇంకొంచెం పెట్టమ్మా, ఆయప్పకి నీళ్ళియ్యమ్మా అనేది. ఇంట్లో ఉండే కోడిని కోసి పెట్టేది. అది మర్యాద. అల్లుడికి చేసే మర్యాద. కావాలంటే మీ నాయన్ని అడుగు."

నేత్ర అడగలేదు. ఇద్దరూ గంగప్ప వైపు చూశారు. ఆయన పేపరు మడిచాడు. మడిచిన పేపరును ఇంకోసారి మడిచాడు.

"నాకీ బేజారుగానే ఉండె," అన్నాడు.

అక్కయమ్మ భర్త ముఖం కేసి చూసింది. ఈయనేనా మాట్లాడింది?

"కోడి మాంసం బాగుండె. కాదన్ను," అన్నాడు గంగప్ప. "కానీ ఆ ఇంట్లో అన్ని పండగలకీ పోయినా. మీయమ్మ నన్ను ఒక్కరోజన్నా, యేమప్పా, బాగుండావా అని అడగలేదు. నేనేం తప్పు చేసినానో అనుకుంటాంటి. ఆయమ్మ మొగం నేను తిన్నంగా చూసింది ఆయమ్మ పోయినాక వాకిట్లో పడుకోబెట్టిన రోజే."

"నాకెప్పుడూ చెప్పకపోతివే."

"చెప్తే ఏమంటావు? అది మర్యాద అంటావు. ఇప్పుడన్న్యావు కదా."

కాఫీ చల్లారింది. అక్కయమ్మకు తల్లి మీద కోపం రావాలో, భర్త మీద జాలి పడాలో, తనను తాను తిట్టుకోవాలో తెలియలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తమ ఇంట్లో తను బాగా ఎరుగుదుననుకున్న మనిషి ఈయనొక్కడే. ఆయన లోపల ఇంత మాట ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

నేత్ర ఇంకో సంగతి కూడా చెప్పేసింది. రేపు ఆదివారం. బెంగళూరులో ఒక ఫ్లాటు చూడటానికి పోతున్నారు. కాలేజీకి రోజూ అక్కడినుంచే వచ్చిపోతానంది. అది అయ్యే పని కాదని ముగ్గురికీ తెలుసు. ఉద్యోగం మారవలసి వస్తుంది, ఆ తర్వాత ఈ ఇంటికి పండగలకే వస్తారు.

"చూసేకి పోతాండారా, ఉండేకి పోతాండారా?" అడిగింది అక్కయమ్మ.

గదిలోంచి పెద్ద సూటుకేసు చక్రాలు నేలమీద దొర్లిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం రాత్రి వంటకని ఫ్రిజ్జు తెరిచినప్పుడు అక్కయమ్మ కన్ను అడుగు అరలో గిన్నె మీద పడింది. దోసెపిండి గిన్నె. అందరూ తినగా మిగిలింది గరిటెడు. కొత్త పిండి రుబ్బినప్పుడు తొందరగా పులవడానికి పాతది అడుగున కొంచెం ఉంచడం ఆమెకు అలవాటు. వాళ్ళమ్మ అలవాటు కూడా అదే.

ఆమె గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఫ్రిజ్జు తలుపు తెరిచే ఉంది.

పెరుగు అంతా తినేసినా గిన్నె అంచుకు అంటుకున్నది చాలు, మళ్ళీ తోడుకుంటుంది. మరి ఇది? అల్లుడి అవ్వ పిండి ఇందులో కలిసింది. కలిసినదంతా పెనం మీదికి పోలేదు. ఈ గరిటెడులో ఆ ముసలామె చెయ్యి ఎంతో కొంత ఉండి తీరాలి కదా? ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. చెప్పగలిగినవాడు తలుపు వేసుకుని కూర్చున్నాడు.

వాళ్ళ దేశంలో రొట్టెలకు వాడే నల్లటి పిండి మన అంగళ్ళలో దొరకదు. నలుపుకు నలుపు అని రాగిపిండి తీసింది. తోమిన సీసాలో ఆ గరిటెడు వేసి, రాగిపిండీ గోరువెచ్చని నీళ్ళూ పోసి వేలితో కలిపింది. మూత బిగించలేదు. ఇంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు ఇన్వర్టరు మీద. దాని మీద గుడ్డ మడిచి వేసి, సీసా పెట్టి, చుట్టూ చీమలు రాకుండా పసుపు గీత గీసింది. ఏడాదిపాటు అల్లుడి ప్రాణం తీసిన ఆ ఇన్వర్టరు ఒక్కరోజైనా పనికొస్తుందేమోనని ఆమె ఆశ.

పడుకునేముందు చూసింది. పిండి కదలలేదు. గంగప్ప ఏం చేస్తాండావని అడిగితే, నీకెందుకని కసిరింది.

ఆదివారం పొద్దున కారు వచ్చి వాకిట్లో నిలబడింది. డ్రైవరు అద్దాలు తుడుస్తున్నాడు. గంగప్ప సూటుకేసును తనే ఎత్తి డిక్కీలో పెట్టాడు. ఎవరి సాయమూ వద్దన్నాడు, ఎవరి ముఖమూ చూడలేదు. నేత్ర వంటింట్లోకి వచ్చి అమ్మను కావలించుకుంది. మాటలన్నీ నిన్ననే అయిపోయాయి.

రాస్ముస్ భుజాన సంచీ తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగాడు. అలవాటు ప్రకారం వంటింటి తలుపు వైపు తిరిగాడు.

తలుపు వెనక ఎవరూ లేరు.

అక్కయమ్మ పెరటి గుండా చుట్టు తిరిగి వచ్చి వాకిలి మెట్ల మీద, అతనికి సరిగ్గా ఎదురుగా నిలబడి ఉంది. రెండు చేతులతో సీసా పట్టుకుంది. ఒక మెట్టు కిందికి దిగి, మళ్ళీ ఎక్కింది. సొంత అల్లుడి ముందు నిలబడటానికి ఇంత భయమా అని తన మీద తనకే విసుగొచ్చింది.

ఏడాదిగా ఆమె అతని వీపు చూసింది, తలుపు సందులోంచి చెవి చూసింది, విస్తరి మీద చెయ్యి చూసింది. ముఖం తిన్నగా చూడటం ఇదే. కనుబొమలు మొక్కజొన్న పీచు రంగులో ఉన్నాయి. నుదుటి మీద దోమ కుట్టిన దద్దురు. ఎంత చిన్నవాడు అనుకుంది. వాళ్ళ అవ్వ ఈ ముఖాన్ని ఎంత ముద్దు చేసి ఉంటుందో.

అక్కయమ్మ సీసా ముందుకు చాచింది.

"అప్పా," అంది.

రాస్ముస్ కదలలేదు.

"దోసెపిండి అడుగున రవ్వంత మిగిలిండె. రాగిపిండి కలిపి పెట్టినా. తెలీక చేసినా అప్పా. బేజారు చేసుకోవద్దు."

అంతా అతనికి అర్థమైందో లేదో. అప్పా అన్నది మాత్రం అర్థమైంది. బాగేపల్లినుంచి వచ్చే తమ్ముణ్ణి ఆమె అట్లా పిలుస్తుంది. పాలు పోసే మునికృష్ణప్పను అట్లా పిలుస్తుంది. వీధిలో క్రికెట్టు ఆడి దాహమని వచ్చే పిల్లల్ని అట్లా పిలుస్తుంది. ఆ పిలుపు అతను రోజూ వింటూనే ఉన్నాడు. తన వైపు తిరిగి వినడం ఇదే.

సీసా అందుకున్నాడు. పిండి మూత దాకా పొంగి, బుడగలు బుడగలుగా ఉంది. మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. డ్రైవరు కూడా గుడ్డ పక్కన పెట్టి చూస్తున్నాడు.

"ఇది మా అవ్వ కాదు," అన్నాడు రాస్ముస్ తెలుగులో.

అక్కయమ్మ సీసా వెనక్కి తీసుకోవడానికి చెయ్యి చాచింది.

అతను ఇంకా మాటలు వెతుక్కుంటున్నాడు. "మా అవ్వ... మీ ఉద్దిపప్పు... ఇద్దరూ కలిసిపోయినారు."

ఎవరూ దిద్దలేదు. నేత్ర ముఖం అటు తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు.

"అయితే చచ్చిపోలేదు కదా?" అడిగింది అక్కయమ్మ.

"లేదత్తా. ఆకలిగా ఉండాది."

ఉండాది అన్నాడు. అచ్చం వాళ్ళ వీధిలో మాట్లాడినట్టే అన్నాడు. అక్కయమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి తలుపు చాటు లేదు. అతని ముందే కొంగుతో తుడుచుకుంది.

రాస్ముస్ మూత పెట్టి, సీసాను తిరిగి ఆమె చేతుల్లో ఉంచాడు.

"రోజూ తిండి పెట్టల్ల. మర్చిపోతే పోతాది."

"నువ్వు తీసుకపోవా అప్పా?"

అతను తల అటూ ఇటూ ఊపాడు. మన ఊళ్ళో నేర్చుకున్న ఊపుడు. వచ్చిన కొత్తలో ఆ ఊపుడు అర్థం కాక అతను ఎన్ని తిప్పలు పడ్డాడో అక్కయమ్మ కథలుగా విని నవ్వింది. ఇప్పుడు అది అవునో కాదో ఆమెకే తెలియలేదు. ఇక్కడే ఉంచండి, వస్తానని చెప్పాడా? ఇక నాకు అవసరం లేదని చెప్పాడా?

అడిగేలోపు అతను కారెక్కాడు. నేత్ర ఎక్కింది. కారు కదులుతుంటే అద్దం దించి, తల బయట పెట్టి, రోజూ అనే మాట అనడానికి నోరు తెరిచాడు.

"పో..."

అప్పుడే మార్కెట్టుకు పోయే టమాటా లారీ వీధి మొగలో హారను కొట్టింది. కొట్టిన చెయ్యి తీయలేదు ఆ లారీవాడు. మిగతా మాట ఆ మోతలో కొట్టుకుపోయింది. రాస్ముస్ పెదవులు కదలడం మాత్రం కనిపించింది.

"పోయి రాప్పా," అని అక్కయమ్మ వీధంతా వినపడేట్టు అరిచింది. అతన్ని రమ్మనమని ఇంకెవరికీ చెప్పలేదు. అతనికే చెప్పింది. పక్కింటి వీణ చీపురు పట్టుకుని గేటు దాకా వచ్చి చూసింది. చూస్తే చూడనీ అనుకుంది అక్కయమ్మ.

కారు మలుపు తిరిగింది. లారీ కూడా పోయింది. వాకిట్లో గంగప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"అక్కయ్యా," అన్నాడు ఆయన. పెళ్ళయిన కొత్తలో ఆమె పేరును అట్లా కురచ చేసి పిలిచేవాడు. "రామూ ఏమన్న్యాడు? పోయొస్తానన్న్యాడా, పోతానన్న్యాడా?"

అక్కయమ్మ చేతిలో సీసా కేసి చూసింది. లోపల ఒక బుడగ మెల్లగా పైకి వచ్చి పగిలింది.

"రాగిపిండి అయిపోయిండాది," అంది. "పోయి కొనుక్కొని రా."